పుల్లింగ్ లేని బండి, బర్కత్ లేని డీజిల్

కృష్ణపట్నం రేవు చుట్టుపక్కల డీజిల్ బండి మొరాయిస్తే రెండు మాటలే వినపడతాయి. డ్రైవరు "డీజిల్ కల్తీ భాయ్" అంటాడు. మిస్త్రీ "పంపు పోయింది" అంటాడు. చిన్నప్పటి నుంచీ వింటున్నా. రెండూ ఝూట్ అంటే జ్యాదతీ అవుతుంది. రెండూ చూడకుండా చెప్పే మాటలు. చూడకుండా చెప్పిన మాట ఒక్కోసారి నిజమే కావచ్చు, కానీ దాన్ని గవాహీ అనరు.

మా అబ్బా నెల్లూరులో డీజిల్ పంపులు, నాజిళ్ల పని చేసేవారు. నాజిల్ని చేతిపంపు మీద బిగించి, హ్యాండిల్ నొక్కి, చిమ్మే తుంపర చూసి చెప్పేవారు, ఇది బతుకుతుంది, ఇది బతకదు అని. పంపు విప్పమని బండివాడు వస్తే ముందు ఫిల్టర్ కింద నట్టు వదులు చేయించి గాజు గ్లాసులో డీజిల్ పట్టించేవారు. గ్లాసు చూశాకే బేరం. "పంపు ఖరీదైనది బేటా, అందుకే అందరికీ దాని మీదే షక్" అనేవారు. అప్పట్లో నాకు నవ్వొచ్చేది. ఈ మధ్య నవ్వు రాలేదు.

మా ఖాలా కొడుకు ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలకు మేత బస్తాలు తోలతాడు. పట్టుబడి రోజుల్లో ఐసు కొట్టిన ట్రేలు తెస్తాడు. ఏళ్ల తరబడి బాడుగ బండే. మొన్నటి ముహర్రంలో స్వర్ణాల చెరువులో దిగి బారాషహీద్ దర్గా దగ్గర వ్యాపార రొట్టె అందుకున్నాడు. తర్వాత బీవీ గాజులు కొన్ని కుదువబెట్టి, మిగతాది ఫైనాన్స్ చేయించి, ఒక సెకండ్ హ్యాండ్ ట్రాలీ బండి కొన్నాడు. కామన్ రైల్ ఇంజన్. మీటర్లో లక్షా పద్నాలుగు వేలు. (మీటర్ని నమ్మొద్దు. క్లచ్ పెడల్ రబ్బరు ఎంత అరిగిందో, స్టీరింగ్ ఎంత నున్నబడిందో చూడండి. అవి అబద్ధం చెప్పవు.)

మూడు నెలలకి ఫోన్. "గాడీ ఖీంచ్తీచ్ నై భాయ్."

ఖాళీగా పోతుంది. లోడ్ వేస్తే ఎనిమిది, పది కిలోమీటర్లు బాగానే లాగి, ఆ తర్వాత ఎవరో వెనక తాడు కట్టి పట్టుకున్నట్టు నలభై దాటదు. పక్కన ఆపి, టీ తాగి వస్తే మళ్లీ లేస్తుంది. మళ్లీ కొంత దూరం పోయాక అదే కథ. అప్పటికే ఒక మిస్త్రీకి చూపించాడు. ఆయన బానెట్ ఎత్తి, రెండుసార్లు రేజ్ చేసి, "హై ప్రెషర్ పంపు, 65 వేలు" అన్నాడు. మిగిలిన గాజులు ఎప్పుడు కుదువబెట్టాలా అని ఇంట్లో మాటలు నడుస్తున్నాయి. ఆ మాట విన్నాకే నేను బయల్దేరా.

మిస్త్రీని దొంగ అనలేను. రోజుకి పది బండ్లు చూసేవాడికి తీరిక ఉండదు, పంపు మారిస్తే లాభం కూడా ఉంటుంది. ఈ రెండూ కలిసి మనిషి చేత తొందరగా మాట్లాడిస్తాయి. నా షికాయత్ అంతవరకే.

బండి జబ్బు చెప్పదని అంటారు గానీ, చెబుతుంది. పుల్లింగ్ పోయినప్పుడు ముందు పొగ చూడాలి. నల్లగా కక్కుతుంటే లోపలికి డీజిల్ పోతోంది, గాలి చాలట్లేదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, టర్బో నుంచి వచ్చే రబ్బరు పైపు చీలి ఉండొచ్చు, ఈజీఆర్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుని ఉండొచ్చు. నీలంగా ఉంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. తెల్లగా ఉంటే డీజిల్ సరిగా మండట్లేదు, లేదా నీళ్లు. అసలు పొగే పెరగకుండా బండి నీరసపడితే డీజిలే అందట్లేదని అర్థం. మావాడి బండికి పొగ లేదు. ఇంజన్ గోలపెడుతూ బండి కదలకపోతే క్లచ్ జారుతోందని చూసుకోవాలి, అదీ కాదు. చక్రాల డ్రమ్ములు చేత్తో తాకితే మామూలు వేడే, బ్రేకులు పట్టేయలేదు. ఇంతవరకూ పైసా ఖర్చు లేదు, పానా కూడా పట్టుకోలేదు.

ఆగితే కోలుకోవడం పెద్ద ఇషారా. పంపు నిజంగా అరిగిపోతే టీ తాగి వచ్చేలోపు బాగుపడదు. ట్యాంకు అడుగున చెత్త ఉంటే, బండి లాగుతున్నప్పుడు అది వెళ్లి డీజిల్ పీల్చే జాలీకి అంటుకుంటుంది. ఇంజన్ ఆపితే పీల్చుడు ఆగి జారిపోతుంది. ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుపోయినా ఇంతే, కాకపోతే మూత తిప్పగానే 'స్స్' అని గాలి లోపలికి పోతుంది. మూత తిప్పాం. శబ్దం లేదు.

అప్పుడు అబ్బా పని చేశా. ఫిల్టర్ కింద డ్రైన్ నట్టు వదులు చేసి, కడిగి ఆరబెట్టిన గాజు సీసాలో అర లీటరు పట్టా. జుహర్ నమాజ్‌కి పోయి వచ్చేలోపు సీసా మూడు పొరలైంది. పైన డీజిల్. అడుగున రెండు వేళ్ల మందాన నీళ్లు. రెండిటి మధ్య గోధుమ రంగు జిగట, బావి గోడకు పట్టిన పాచి లాగా. ఆ జిగట చెత్త కాదు, ప్రాణమున్నది. డీజిల్, నీళ్లు కలిసే హద్దు మీద బూజు, బ్యాక్టీరియా కాపురం పెడతాయి. హార్మోకోనిస్ రెసినే అనే బూజుకైతే కిరోసిన్ ఫంగస్ అనే పేరే ఉంది. నీళ్లు లేకపోతే అది పెరగదు. సముద్రపు తేమ, సగం ఖాళీ ట్యాంకు, ఎండ, ఈ మూడూ దొరికితే దానికి దావత్.

పంపు సంగతి తేల్చడానికి ఇంకో పరీక్ష. నమ్మకమైన బంకులో డీజిల్ తెచ్చి శుభ్రమైన క్యాన్లో పోసి, ట్యాంకు నుంచి వచ్చే పైపు తీసేసి, కొత్త ఫిల్టర్ వేసి, పారదర్శకమైన పైపుతో క్యాన్ నుంచే ఇంజన్‌కి ఇచ్చాం. రిటర్న్ పైపు కూడా అదే క్యాన్లోకి. పారదర్శకమైన పైపు ఎందుకంటే దారిలో ఎక్కడైనా గాలి పీలుస్తుంటే బుడగలు కంటికి కనపడతాయి. క్యాన్ని గట్టిగా కట్టి, నలభై బస్తాల మేత వేసుకుని పోర్టు రోడ్డు మీద పాతిక కిలోమీటర్లు పోయాం. బండి గుర్రంలా లాగింది. పంపు బతికే ఉంది. 65 వేలు కాదు, ట్యాంకు దింపి కడిగే పని.

కాకపోతే పూర్తిగా బచాయించలేదు. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు నాలుగు సీసాలు కట్టి ఇంజన్ నడిపితే, మూడు సమానంగా నిండాయి, ఒకటి దాదాపు రెట్టింపు. నీళ్లు దాన్ని తినేశాయి. పాత పంపుల కాలంలో నాజిల్ సుమారు రెండు వందల బార్ దగ్గర చిమ్మేది. కామన్ రైల్లో ప్రెషర్ 1,600 బార్, ఆపైన కూడా. లారీ టైరులో గాలి ఎనిమిది బార్ ఉంటుంది, దాంతో పోల్చుకోండి. ఇంజెక్టర్ లోపలి సందులు కొన్ని మైక్రాన్లే. అక్కడ నూనె పొర డీజిలే, వేరే ఆయిల్ లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 డీజిల్లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి దిగింది. ఊపిరితిత్తులకు మంచిదే. గంధకం తీసే ప్రక్రియలో డీజిల్‌కి సహజంగా ఉన్న జారుడు గుణం కూడా పోతుంది కాబట్టి రిఫైనరీలు అది మళ్లీ కలుపుతాయి. అలాంటి డీజిల్లో మనం కిరోసిన్ పోసినా, నీళ్లు పోసినా ఆ జారుడు పొర పలచబడిపోతుంది. అబ్బా కాలం నాటి ఇంజన్లు దేన్నైనా అరిగించుకునేవి. ఇవి నాజూకు.

ఇక కల్తీ సంగతి. "కల్తీ" అనే మాట మనం నీళ్లకి, కిరోసిన్‌కి, మురికికి, అన్నిటికీ వాడతాం. నీళ్లు సీసాలో కనపడతాయి. కిరోసిన్ కనపడదు. రేషన్ కిరోసిన్‌కి నీలి రంగు వేసింది అందుకే, అయినా ఆగలేదు. సబ్సిడీ కిరోసిన్‌కీ డీజిల్‌కీ మధ్య ధరలో ఉన్న ఫరక్ మనుషుల ప్రాణాలు తీసింది. 2005 నవంబర్లో ఉత్తరప్రదేశ్ లఖీంపూర్ ఖేరీలో ఇండియన్ ఆయిల్ అధికారి మంజునాథ్ షణ్ముగంని, కల్తీ బంకు మూయించినందుకు కాల్చి చంపారు. 2011 జనవరి 25న మహారాష్ట్ర మన్మాడ్ దగ్గర అడిషనల్ కలెక్టర్ యశ్వంత్ సోనావణేని కల్తీ ముఠా సజీవ దహనం చేసింది. పేర్లు మనం మర్చిపోయాం. రెండు ధరలు పక్కపక్కన ఉన్న ప్రతి చోటా ఎవరో ఒకరు ఆ సందులో దుకాణం పెడతారు. 2022 మార్చిలో బల్క్ డీజిల్ ధర బంకు ధర కంటే పాతిక రూపాయల దాకా ఎక్కువైతే బస్సులు, ఫ్యాక్టరీల ట్యాంకర్లు బంకుల ముందు క్యూ కట్టాయి. కిరోసిన్ పోయాక ఇప్పుడు 'బయో డీజిల్' అనే బోర్డు వచ్చింది. అసలైన బయో డీజిల్‌కి ఐఎస్ 15607 అనే ప్రమాణం ఉంది. బోర్డు పెట్టిన ప్రతివాడి దగ్గరా ఉన్నది అదేనా అని అడిగేవాళ్లు తక్కువ.

పంటపాళెం వైపు వంటనూనె ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి డీజిల్లో పామాయిల్ కలుపుతున్నారని మన దగ్గర ఒక పుకారు ఎప్పుడూ తిరుగుతుంటుంది. వంటనూనె డెన్సిటీ 0.9 పైన. మంచి డీజిల్ 15 డిగ్రీల వేడి దగ్గర 0.845 దాటదు. నూనె కలిస్తే అంకె పైకి పోతుంది, కిరోసిన్ కలిస్తే కిందకి దిగుతుంది. పుకారు నమ్మే బదులు అంకె అడగండి. బంకులో హైడ్రోమీటర్, థర్మామీటర్, మార్పిడి పట్టిక, అయిదు లీటర్ల కొలపాత్ర ఉండాలి, కస్టమర్ అడిగితే చూపించాలి. అది మన హక్. ట్యాంకర్ వచ్చినప్పుడు రాసిన డెన్సిటీకీ ఇప్పటిదానికీ తేడా ఘనపు మీటరుకు 3 కిలోలు దాటకూడదు. ఒక్క జాగ్రత్త. మన ఎండలో డీజిల్ 35 డిగ్రీలు ఉంటే హైడ్రోమీటర్ 14 కిలోల దాకా తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే డిగ్రీకి సుమారు 0.7 చొప్పున తగ్గుతుంది. పట్టిక చూసి 15 డిగ్రీలకు మార్చకుండా బంకు కుర్రాడి మీద గుస్సా చేస్తే తప్పు మనది. ఇంకోటి, తేలికదీ బరువుదీ తెలివిగా కలిపితే అంకె సరిపోతుంది. అప్పుడు లేబొరేటరీకి పంపాల్సిందే. డెన్సిటీ సరిపోతే మాల్ మంచిదని కాదు. సరిపోకపోతే మాత్రం అడగాల్సిందే.

మావాడి సీసాలో ఉన్నది మాత్రం నీళ్లు. అవి ఎక్కడివి?

వాడికి జవాబు రెడీ. బండి అమ్మిన దలాల్. ఆ మాటలో సచ్చాయీ ఉంది కూడా. తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారి వెలిగి ఆరిపోవాలి. ఫిల్టర్లో నీళ్లు చేరితే వెలిగే దీపం కూడా అందులో ఒకటి. మావాడి బండిలో అది తాళం తిప్పినా వెలగట్లేదు. కిందకి దూరి చూస్తే ఫిల్టర్ సెన్సర్ వైరు నీటుగా కత్తిరించి, టేపు చుట్టి ఉంది. ఎలుక కొరికితే టేపు చుట్టదు. ఎవరో ఆ దీపం చూసి, నీళ్లు తీసే బదులు దీపం తీసేశారు.

మదీనా బజార్లో హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం ఒక ధాన్యపు రాశిలో చెయ్యి పెడితే వేళ్లకు తడి తగలడం, అమ్మేవాడు వాన పడిందని చెప్పడం, మరి తడిసింది పైనే ఎందుకు పెట్టలేదని ఆయన అడగడం, ధోకా చేసేవాడితో తనకు సంబంధం లేదని చెప్పడం, ఈ హదీస్ సహీహ్ ముస్లింలో ఉంది, మనందరికీ తెలుసు. మా దలాల్‌కి కూడా తెలుసు. జుమ్మాలో మా సఫ్‌లోనే నిలబడతాడు. ధాన్యం రాశి కింద దాచిన తడికీ, ఫిల్టర్ అడుగున దాచిన తడికీ ఏమిటి ఫరక్?

మావాడు గుస్సాతో లేచాడు. "పద భాయ్, ఇద్దరం పోదాం, వాడి ఇంటి ముందే అడుగుదాం."

నేను ఒక్కటే అడిగా. ఈ మూడు నెలలు డీజిల్ ఏ బంకులో పట్టావు?

మాట్లాడలేదు. రెండోసారి అడిగితే నేల చూశాడు. మూడోసారి చెప్పాడు. గుంటల దగ్గర ఒకడు డ్రమ్ముల్లో పెట్టి క్యాన్లతో అమ్ముతాడు. బంకులో లీటరు వందకి దగ్గరైతే వాడి దగ్గర ఎనభై. బిల్లు ఉండదు. ఎక్కడిదో అడగరు. అడగక్కర్లేదు కూడా, అందరికీ తెలుసు. 2008లో పోర్టు మొదలైంది, పక్కన నేలటూరులో థర్మల్ కేంద్రం వచ్చింది, బొగ్గు, బూడిద, ఎరువులు, నూనెలు, రాత్రీ పగలూ లారీలే. యజమాని పోయించిన డీజిల్లో పది లీటర్లు రాత్రిపూట పైపుతో బయటికొస్తే ఎవరికి తెలుస్తుంది? పోర్టు ఉన్న ప్రతి ఊళ్లో ఉన్న బజారే ఇది.

ఆ డ్రమ్ములు చూడ్డానికి వెళ్లా. నిలబెట్టి ఉన్నాయి, ఆకాశం కింద. రెండు వందల లీటర్ల డ్రమ్ము నిలబెడితే పైమూత చుట్టూ అంచు ఉంటుంది కదా, అందులో వాన నీళ్లు, మంచు నిలుస్తాయి. పగలు ఎండకి లోపలి గాలి వ్యాకోచించి బిరడా పక్క నుంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడి సంకోచిస్తే అదే సందులోంచి పైన నిలిచిన నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. ఎవ్వరూ కలపకుండానే కల్తీ. డ్రమ్మును పడుకోబెట్టి, రెండు బిరడాలూ అడ్డంగా ఒకే ఎత్తులో ఉండేలా పెడితే ఇది జరగదు. గుంటల జనరేటర్లకు న్యాయంగా డీజిల్ కొని దాచుకునే రైతులు కూడా చాలామంది డ్రమ్ములు నిలబెట్టే ఉంచుతారు. ఏరేటర్లు అర్ధరాత్రి ఆగితే రొయ్య తెల్లారేసరికి తేలిపోతుంది. వాళ్లకైనా ఈ ముక్క పనికొస్తుందని రాస్తున్నా.

అంటే దలాల్ దీపం తీసేశాడు. మావాడు నీళ్లు పోశాడు. వచ్చేటప్పటికే ట్యాంకులో ఎంత నీళ్లున్నాయి, తర్వాత ఎంత చేరాయి అనేది అల్లాహ్‌కే ఎరుక.

మా మసీదు మౌలానాని అడిగా. దాచిపెట్టిన ఐబ్ బయటపడితే కొన్నవాడు మాల్ తిరిగి ఇచ్చేయొచ్చు, దాన్ని ఖియారుల్ ఐబ్ అంటారు. కానీ కొన్నవాడి చేతిలో కొత్త ఐబ్ చేరితే, హనఫీ ఫిఖ్ ప్రకారం తిరిగి ఇచ్చే హక్కు పోతుంది, పాత ఐబ్ వల్ల తగ్గిన విలువ మటుకు అడగొచ్చు. నాకు ఆ లెక్క చాలా నచ్చింది. ఇద్దరి తప్పునీ విడివిడిగా తూచే తరాజు అది. "దొంగ సొమ్మని తెలిసి కొన్నదాని సంగతేమిటి మౌలానా?" అంటే, "అది తెలియకనా అడుగుతున్నావు?" అన్నారు.

ఇక్కడే నా ఎత్రాజ్ చెప్పాలి. మన ఖుత్బాల్లో వడ్డీ వస్తుంది, టీవీ వస్తుంది, ఆడపిల్లల ఫోన్లు వస్తాయి. డీజిల్ క్యాన్ రాదు. కోసేసిన వైరు రాదు. వెనక్కి తిప్పిన మీటర్ రాదు. మన నౌజవానుల్లో ఎంతమంది డ్రైవర్లు, మిస్త్రీలు, బండ్ల దలాళ్లు! మన రోజీ అంతా ఆటోనగర్లలో, రోడ్ల మీదే ఉంది కదా. కొలతల్లో మోసం చేసేవాళ్ల మీద ఖురాన్లో ఒక సూరానే ఉంది, సూరె ముతఫ్ఫిఫీన్. దాన్ని మనం కిరాణా కొట్టు తక్కెడకే పరిమితం చేసేశాం. ఒక లారీ డ్రైవరు జీతం నాలుగు నెలలు ఆపితే వాడు డీజిల్ అమ్ముకుంటాడు, ఆ మజ్బూరీ నాకు తెలుసు, ఆ యజమాని జుల్మ్ కూడా అల్లాహ్ చూస్తాడు. కానీ మావాడికి ఆ మజ్బూరీ లేదు. లీటరుకి ఇరవై మిగులుతుందనే లాలచ్. మూడు నెలల్లో మిగిల్చుకున్నది ఎంత అని కూర్చోబెట్టి లెక్క వేయించా. దాదాపు 13 వేలు వచ్చింది. ట్యాంకు కడగడం, రెండు ఫిల్టర్లు, పోయిన బాడుగలు, ఇంజెక్టర్ కలిపితే అంతకు రెట్టింపు పైనే. నష్టం వచ్చింది కాబట్టి హరాం అని నేననట్లేదు. లాభం వచ్చినా హరామే. కానీ కొందరికి నష్టం చూపిస్తేనే చెవికెక్కుతుంది, మావాడు ఆ రకం.

దలాల్ దగ్గరికి వెళ్లాం. మగ్రిబ్ తర్వాత, మసీదు బయట, గొడవ లేకుండా. మావాడే ముందు తన క్యాన్ల సంగతి చెప్పాడు. అది వాడికి ఎంత కష్టమో నేను చూశా. తర్వాత టేపు చుట్టిన వైరు ముక్క చేతిలో పెట్టాడు. దలాల్ కాసేపు తను కూడా వేరేవాడి దగ్గర కొన్నానన్నాడు. ఆ తర్వాత ట్యాంకు కడిగిన కూలీ, ఫిల్టర్ల డబ్బు ఇచ్చాడు. ఇంజెక్టర్ ఊసు ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. ఆ ఐబ్ ఎవరిదో మాకూ ఖరారుగా తెలియదు మరి.

ట్యాంకు కడిగాక అయిదు వందల కిలోమీటర్లకే ఫిల్టర్ మళ్లీ మార్పించా. మూలల్లో ఉండిపోయిన జిగట అంతా అందులోకి వస్తుంది. దీపం వైరు అతికించాం. తాళం తిప్పితే ఇప్పుడు వెలిగి ఆరుతోంది.

నిన్న ఇషా అయ్యాక వాడి ఫోన్. వెనకాల బంకు చప్పుడు. "భాయ్, మిషన్ మీద 831 అని ఉంది, పొద్దున ట్యాంకర్ది ఎంతో రిజిస్టర్లో చూపించమన్నా. కుర్రాడు నన్ను ఇన్‌స్పెక్టర్ అనుకుని ఓనర్‌ని పిలుచుకురాబోయాడు." నవ్వుతున్నాడు. రిజిస్టర్లో ఎంతుందిరా అని అడిగా.

"ఆగు భాయ్, తెస్తున్నారు."